నెగెటివ్ మీది మరక

నాంపల్లి స్టేషన్ ఎదుటి హోటల్లో ఉల్లిపాయల మీద సిర్కా, అదే వెనిగర్, చల్లి తెచ్చిపెడితే నాకు ముద్ద దిగదు. ఆ పుల్లటి ఘాటు అబిడ్స్‌లో మా చిన్నాయన నడిపిన ఫోటో స్టూడియోలోని చీకటి గదిది. బయట మామిడిపళ్ల బండ్లు, బస్సుల హారన్లు, బేకరీలో అప్పుడే దింపిన ఉస్మానియా బిస్కెట్ల కమ్మదనం. లోపల ఎర్ర బల్బు, సిర్కా వాసనేసే మందునీళ్ల గిన్నెలు, తీగకు ఆరేసిన నెగెటివ్‌లు, చల్లటి గచ్చు మీద నేను. నా ఎండాకాలం సెలవులన్నీ అక్కడే గడిచాయి.

పదేళ్లకే నాకు బ్లేడు పట్టడం నేర్పాడు చిన్నాయన. కళ్లద్దాల తళుకు, నూనె ముఖాల మెరుపు నెగెటివ్‌లో నల్లమచ్చలై కనిపిస్తాయి. భూతద్దం పెట్టి, ఊపిరి బిగబట్టి, వాటిని గీకేయాలి. చక్కెర జబ్బుతో ఆయన చూపు మసకబారుతున్నకొద్దీ ఆ పని నాదైంది. అందరూ మెచ్చుకుంటుంటే నా కాళ్లు నేల మీద నిలిచేవి కావు.

ఆయనకు ఒకటే పిచ్చి. ఎక్కడో చాలా దూరాన లక్షల చుక్కలు ఉండకట్టిన కుప్ప ఒకటుందట. మనకూ దానికీ నడుమ ఆకాశంలోనే దుమ్ము కమ్ముకుని ఉంటుందట. చూపు పూర్తిగా పోయేలోపు దాన్ని ఫోటో తీయాలని ఆశ. ఊరంతా కరెంటు పోయిన ఒక రాత్రి, అడిగి తెచ్చిన దుర్భిణికి కెమెరా బిగించి, మా ఇంటి డాబా మీద గంటకు పైగా, ఒక పెద్ద చుక్కను గురి పెట్టుకుని దాని వెంటే దుర్భిణిని కొద్దికొద్దిగా తిప్పుతూ కూర్చున్నాడు.

మర్నాడు ఫిలిం కడిగి ఆరేసి, చాయ్ తాగడానికి పోయాడు. నేను భూతద్దంలోంచి చూశాను. చుక్కలు గుండ్రంగా, చక్కగా పడ్డాయి, వాటిని ముట్టుకోలేదు. నడుమ మాత్రం వేలితో అలికినట్టు మసక మరక ఒకటి. పాపం చిన్నాయనకు కనిపించలేదు కాబోలనుకుని, ఆయన వచ్చేలోపు దాన్ని శుభ్రంగా గీకేశాను.

ఆయన వచ్చి, భూతద్దం నా చేతికే ఇచ్చాడు.

"జర మంచిగ చూడు బిడ్డా. నడుమల ఆ చుక్కల కుప్ప, పెసరగింజంత మరక లెక్క, ఏమన్న కనవడ్తుందా?"

బ్లేడు ఇంకా నా చేతిలోనే ఉంది. దాన్ని గౌను మడతలో దాచేశాను.

"లేదు చిన్నాయనా. ఏం లేదు."

ఆయన గోడకు ఒరిగాడు. "దుమ్ము అడ్డమొచ్చినట్టుంది తియ్," అన్నాడు.

మరుసటి ఏడాదికి ఆయనకు చుక్కలే కాదు, నా ముఖమూ కనిపించలేదు. అడిగినవాళ్లందరికీ, పోయేదాకా, ఆ దుమ్ము సంగతే చెప్పేవాడు. పక్కనే కూర్చుని వినేదాన్ని. సిగ్గుతో చచ్చిపోయేదాన్ని, నోరు మాత్రం విప్పలేదు.

స్టూడియో ఉన్నచోట ఇప్పుడు ఫోన్ల దుకాణం. ఎర్ర బల్బు లేదు, తీగ లేదు, సిర్కా వాసనా లేదు. మొన్న అక్కడి అమ్మాయి కొత్త ఫోన్‌తో నా ఫోటో తీసి, తెర మీదే ముఖం మీది మచ్చలను వేలితో ఒక్కసారి తుడిచేసింది. "మంచిగొచ్చింది చూడున్రి మేడం," అంది. ఇంటికొచ్చి, దాచుకున్న ఆ నెగెటివ్‌ను కిటికీ వెలుతురుకు పట్టుకున్నాను. చుట్టూ చుక్కలు అలాగే ఉన్నాయి. నడుమ నా బ్లేడు గీతలు.

చిన్నాయనా, దుమ్మేం అడ్డం రాలే. నువ్వు తీసినవ్. నేను చూసిన.