సత్తెనపల్లిలో బండలు దించిన జీపు

రెండో శనివారం, బడికి సెలవు. పొద్దున ఆరుంబావుకు గుంటూరు బస్టాండులో ఒంగోలు ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. బ్రాడీపేటలో ఆటో దొరికేసరికే నా ఓపిక సగం అయిపోయింది. మిగతా సగం మార్టూరులో ఉన్న మా తమ్ముడు దేవదానాన్ని తిట్టడానికి దాచుకున్నాను.

వాడి దగ్గర పాత మిలిటరీ జీపు ఒకటుంది. ఎవరో క్వారీ ఆయన ఆర్మీ వేలంలో పాడుకున్నది, ఆయన దగ్గర వీడు కొన్నాడు. మిరపకోతల్లో పొద్దున ఎనిమిది మంది ఆడకూలీలను చేలకు తీసుకెళ్తాడు. సాయంత్రం అదే జీపులో టిక్కీలు, అంటే మిరపకాయల బస్తాలు, మోస్తాడు. క్రిస్మస్‌కి వెళ్ళి అది ఎక్కితే, మలుపులో పక్కకు ఒరిగి ప్రాణం పోయినంత పనైంది. సోమవారం కూలీలు మళ్ళీ ఎక్కేలోగా దాన్ని సత్తెనపల్లిలో మస్తాన్ గారికి చూపించాలని నా పట్టుదల. ఆయన బళ్ళకు కమాన్లు, అంటే చక్రాల మీద బరువు మోసే ఉక్కు పట్టీల కట్టలు, కట్టే మేస్త్రి. అక్కడ టీచరుగా చేసినప్పటి నుంచీ ఎరుగుదును.

ఆధార్ చూపిస్తే కండక్టరు జీరో టికెట్ ఇచ్చాడు. సీటు మాత్రం చిలకలూరిపేటలో గానీ దొరకలేదు. “టికెట్టు ఫ్రీయే గానీ కాళ్ళనొప్పులు మనయ్యేనండీ,” అంది పక్కనావిడ. ఇద్దరం నవ్వుకున్నాం.

ఎనిమిదికి మార్టూరులో దిగాను. జీపు క్రిస్మస్ నాటికన్నా ఇంకా ఎత్తుగా ఉంది.

“వెనక కమాన్ కట్టల్లో లారీ పట్టీలు రెండేసి వేయించా అక్కా. ఎన్ని టిక్కీలేసినా వెనక దిగదు,” అన్నాడు దేవదానం, మెడల్ గెలిచినవాడిలాగా.

వెనక తొంగిచూస్తే లోపల నేల మీద నల్లటి గ్రానైటు బండలు పరిచి ఉన్నాయి. పాలిషింగ్ యూనిట్ల దగ్గర పారేసిన ముక్కలు.

“ఇవేంట్రా?”

వాడు నసిగాడు. జవాబు జీపు పక్కనే నిలబడ్డ మరియమ్మ చెప్పింది. ఆమె కూలీల ముఠాకు పెద్ద, ఏదీ నాన్చదు. “నేనే వేయించా టీచరమ్మా. కొత్త పట్టీలేశాక బస్తాలుంటే బాగానే పోతంది. మనుషులెక్కితే గుర్రంలా ఎగురుతంది. మా కోడలు కడుపుతో ఉంది గదా, కుదుపులకు చచ్చిపోతంది. బరువేస్తే అణుగుద్దని బండలేయమన్నా. నిజంగానే అణిగింది.”

దాచుకున్న తిట్లన్నీ అక్కడే వృథా అయిపోయాయి. ఆ మనిషినేమని తిడతాను?

తొమ్మిదికి బయల్దేరాం. జీపు బాగుపడకపోతే ముఠాకు పని పోతుంది కాబట్టి మరియమ్మ కూడా ఎక్కింది. చిలకలూరిపేటలో ఇడ్లీ తిని నరసరావుపేట రోడ్డు పట్టాం. ఒక పక్క ఏరేసిన పత్తి చేలు, ఇంకో పక్క ఎర్రగా మిర్చి కల్లాలు. ఘాటుకు నాకు ఒకటే దగ్గు.

వెనక కూర్చున్నవాళ్ళు డ్రైవరుకు ఏదైనా చెప్పాలంటే రేకు మీద తట్టాలి. ఒకసారి తడితే మెల్లగా పొమ్మని, రెండుసార్లు తడితే ఆపమని. నరసరావుపేట దాటాక మలుపు మలుపుకీ మరియమ్మ తడుతూనే ఉంది. ఒకచోట బ్రేకు వేస్తే బండ జరిగి ఆమె బొటనవేలు నొక్కుకుంది. “ఏం కాలేదులే, పోనీయ్,” అంది.

పన్నెండింటికి సత్తెనపల్లి. మస్తాన్ గారు జీపు చుట్టూ తిరిగి చూశారు. బండలు దించి, జాకీలెత్తి, వెనక ఎడమ పక్క కట్ట విప్పారు. అన్నిటికన్నా పైనుండే పొడుగు పట్టీని గుడ్డతో తుడిచి ఎండకు పట్టారు. ముందు కొస దగ్గర పట్టీ సగానికి పైగా చీలి ఉంది. చీలిక లోపల తుప్పు.

“టిక్కీల కోసం పట్టీలేశారు. పట్టీలు బిరుసని బండలేశారు. మధ్యలో అసలు పట్టీ చచ్చిపోయింది,” అన్నారు. “ఇది తెగిందంటే చక్రాలు అడ్డం తిరుగుతాయి బాబూ. స్టీరింగు నీ మాట వినదు.”

“వెల్డింగు పెడితే?” అన్నాడు దేవదానం మెల్లగా.

“కమాన్‌కి వెల్డింగేందయ్యా! వారం ఆగదు.”

మరియమ్మ దగ్గరికొచ్చి ఆ చీలిక మీద వేలు పెట్టింది.

“ఇదే పక్కన, ఈ చివరే కూర్చుంటది మా కోడలుపిల్ల,” అంది. “మెత్తగా ఉంటదని నేనే కూర్చోబెట్టేదాన్ని.” నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. నాకూ కళ్ళలో నీళ్ళొచ్చాయి.

మస్తాన్ గారు దేవదానం వైపు తిరిగారు. “ఒక్కటి చెప్పు. ఈ బండి మనుషులకా, టిక్కీలకా? రెండింటికీ నేను కట్టను.”

ఈ సీజనులో టిక్కీలే వాడికి ఆధారం. అయినా “మనుషులకేనండీ,” అన్నాడు. తిట్టడానికొచ్చిన నేను వాడి భుజం తట్టాను.

మేం ఎదురు హోటల్లో భోంచేసి వచ్చేసరికి లారీ పట్టీలు నాలుగూ బయట పడి ఉన్నాయి. జీపుకు తగిన కొత్త పట్టీ, రబ్బరు బుష్‌లు, బోల్టులు వేసి నాలుగున్నరకు దించారు. జీపు పొట్టిగా, బుద్ధిగా కనిపించింది. “ఇరవై కిలోమీటర్లు పోయాక ఆపి బోల్టులు మళ్ళీ బిగించుకో. ఎనిమిది మందిని ఒక్కసారే ఎక్కించకు, రెండు ట్రిప్పులు వెయ్యి,” అని పానా చేతికిచ్చారు.

ఆ బోల్టులు బిగించడం చూసే పోదామని నరసరావుపేట దాకా వాళ్ళతోనే బయల్దేరాను. అక్కడ గుంటూరు బస్సెక్కుతాను. మరియమ్మను ముందు కూర్చోమంటే వినలేదు. “పిల్ల కూర్చునే చోటు ఎట్టా ఉందో నేను చూడొద్దా?” అని వెనక ఎడమ చివరే కూర్చుంది. మీరెవరైనా మా వైపొచ్చి ఇలాంటి జీపెక్కాల్సి వస్తే, ముందు వంగి కమాన్లు చూడండి. కింద బండలుంటే అసలెక్కకండి.

పొద్దున తట్టిన మలుపులు ఒక్కొక్కటే వెనక్కి పోయాయి. రేకు మీద చప్పుడు లేదు. నాలుగో మలుపు దాటాక దేవదానం ఉన్నట్టుండి పక్కకు తీసి ఆపాడు. దిగి వెనక్కి పరిగెత్తాడు.

“అత్తా! ఉన్నావా? తట్టలేదేంటి?”

“తట్టాల్సిన పని పడలేదురా,” అంది మరియమ్మ. “పోనీయ్.”