ఆళ్ళగడ్డ జమ్ములో నేను కోసిన ముడి

కిందటి శ్రావణంలో నేను తీసిన ఒక ఫొటో మా బడి వరండాలో అద్దం కట్టించి వేలాడదీశారు. తామరాకుల మీద తడిగడ్డితో అల్లిన గూడు, అందులో ఇత్తడిలా మెరిసే నాలుగు గుడ్లు. ద్రోణాచలం హైస్కూల్లో నేను డ్రాయింగు మాస్టరును. ఆ ఒక్క ఫొటోతో పక్షుల ఫొటోగ్రాఫరునన్న పేరు కూడా వచ్చింది. అది ఎలా తీశానో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఈ ఎండాకాలం సంతలో జమ్ముచాపలు అమ్ముతున్న ఒకాయన కనిపించాడు. ఆళ్ళగడ్డ వైపునుంచి వచ్చానన్నాడు. అక్కడ కిందటేడు జమ్ము కోస్తుండగా చూసిన మనిషి గుర్తొచ్చి, "పుల్లన్న బాగున్నాడా?" అని అడిగాను.

"ఏం బాగు సారూ! ముడి కోసినాడని మొద్దులెక్కనీల్యా. నడుముదంకా రొంపిలో దిగి కోస్తాండాడు. కాళ్ళ నిండా జలగల మచ్చలే."

చాప కొనకుండానే ఇంటికి వచ్చేశాను. మర్నాడు వరండాలో ఫొటో దింపేశాను. ఎందుకని అడిగినవారికి చెద పట్టిందన్నాను. అదీ అబద్ధమే. వినాయక చవితికి ఆదివారంతో కలిపి అయిదు రోజులు సెలవు వచ్చేదాకా నాకు కదలడానికి ధైర్యం చాలలేదు.

ఈ దారిన వెళ్ళాలనుకునేవారికి ఆ చోటు సంగతి ముందే చెప్పాలి. కర్నూలు కడప కాలువ ఊటనీళ్ళు పల్లానికి చేరి, ఆళ్ళగడ్డకు మూడు మైళ్ళలో పెద్ద రొంపి ఏర్పడింది. అందులో మనిషిని మించిన ఎత్తున జమ్ము పెరుగుతుంది. దాన్ని కోసి చాపలల్లి బతికే కుటుంబాలు పదిహేను దాకా ఉన్నాయి. వాళ్ళు రొంపిలో గుంజలు పాతి, వాటి మీద చీల్చిన తాటిమొద్దులు పరిచి, అర ఫర్లాంగు పొడవున దారి వేసుకున్నారు. ఆ మొద్దుల మీద కూర్చుని ఎవరి వంతు వాళ్ళు కోసుకుంటారు. పక్షిగూడు కనబడితే దాని చుట్టూ ఉన్న జమ్మును వదిలేసి, కొసలన్నీ కలిపి ముడివేస్తారు. పిల్లలు గూడు వదిలి పోయేదాకా ముడి ఉన్నచోట ఎవరూ కొడవలి పెట్టరు. పెట్టినవాడు అందరి ముందూ ఒప్పుకుని, వాళ్ళు వేసిన శిక్ష తీర్చుకోవాలి. అంతవరకూ మొద్దులెక్కడానికి లేదు.

అలాంటి ముడినొకదాన్ని నేను జేబుకత్తితో కోసేశాను. గుడ్ల మీద నీడ పడుతోందని కోశాను. ఫొటో తీసుకుని పదడుగులు నడిచానో లేదో కాకులు దిగాయి. ఆ ముడి వేసినవాడు పుల్లన్న. పక్కనున్న వంతు కూడా అతనిదే. చాపలవాళ్ళకు పెద్ద సుంకులమ్మ వచ్చి "ఎవురప్పా ముడి కోసింది?" అని అడిగినప్పుడు అందరూ పుల్లన్న వైపు చూశారు. నేను కెమెరా సంచి పట్టీ బిగించుకుంటూ తలెత్తలేదు. ఆ సాయంత్రం బస్సుకే వచ్చేశాను. చెయ్యని తప్పు ఒప్పుకోనని పుల్లన్న ఏడాదిగా రొంపిలోనే ఉండిపోయాడు.

చవితి మర్నాడు ఉదయం ఆరూ ఇరవైకి ద్రోణాచలంలో నంద్యాల ప్యాసింజరు ఎక్కాను. మూడో తరగతి టిక్కెట్టు. సంచిలో కెమెరా, పన్నెండు ఫొటోల ఫిల్ము చుట్ట ఒకటి, రెండు జతల బట్టలు. బేతంచెర్లలో బండి పావుగంట ఆగింది. ప్లాట్‌ఫారం చివర నాపరాతి బండలు వ్యాగన్లకు ఎక్కిస్తున్నారు. చొక్కా నిండా రాతిపొడి ఉన్న ఒక పెద్దమనిషి ఎక్కి నా ఎదురుగా కూర్చున్నాడు.

"యాడికి పోతాండావప్పా?"

"ఆళ్ళగడ్డకు. పిట్టల ఫొటోలు తీయడానికి."

"తినేదానికి గాదా?"

"కాదు."

"మళ్ళ అంత దూరమేంటికి? బొమ్మే కావాలంటే మా మిద్దె మీద పావురాలుండాయి, కాళ్ళకాడికొచ్చి కూర్చుంటాయి." బోగీలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అసలు పని చెప్పడానికి మాత్రం నోరు పెగల్లేదు.

తొమ్మిదీ నలభైకి నంద్యాలలో దిగాను. స్టేషనుకు ఎదురుగా ఉన్న హోటల్లో ఇడ్లీ, కాఫీ బాగుంటాయి. పదకొండు గంటల ఆళ్ళగడ్డ బస్సుకు పద్నాలుగణాలు పుచ్చుకున్నారు. శిరివెళ్ళ దాటాక ఎడమవైపు నల్లమల కొండలు మబ్బుల్లో మునిగి ఉన్నాయి. కుడివైపు కాలువ కింది వరిమళ్ళు. ఒంటిగంటకు ఆళ్ళగడ్డ చేరాను. సత్రంలో సంచీ పడేసి, రెండు ముద్దలు తిని, జట్కాలో మూడు గంటలకు రొంపి ఒడ్డున దిగాను.

వాళ్ళు పనిలో ఉన్నారు. మొద్దుల మీద పదిమంది దాకా వరసగా కూర్చుని కోస్తున్నారు. వాళ్ళకు అవతల, ఒంటరిగా, నడుము లోతు బురదలో ఒక మనిషి. దగ్గరికి పోకుండానే ఎవరో తెలిసింది.

సుంకులమ్మ ఒడ్డున మోపులు కడుతోంది. అరవై దాటిన మనిషి, పంటకింద ఎప్పుడూ వక్క ఉంటుంది. నన్ను గుర్తుపట్టింది.

"ఏందీ, బొమ్మల సారు! మళ్ళ వచ్చినావే. ముడులు బో ఉండాయి ఈ ఏడు."

"అవ్వా, కిందటేడు ముడి కోసింది నేను," అన్నాను.

ఆమె చేతిలోని తాడు ఆగింది. మొద్దుల వైపు తిరిగి గట్టిగా అరిచింది: "అందరూ రాండి ఈడికి! కొడవళ్ళు పెట్టి రాండి!"

పదిమందీ వచ్చారు. పుల్లన్న బురదలోంచి ఎక్కి, కాళ్ళు కడుక్కోకుండా వెనక నిలబడ్డాడు. వాళ్ళందరి ముందూ మళ్ళీ చెప్పాను. కత్తితో కోశానని, కాకులు దిగడం చూశానని, ఆమె అడిగినప్పుడు విన్నానని, విని ఊరుకున్నానని. చివరి మాట చెప్పేసరికి నా గొంతు నాకే వినబడలేదు.

"గుడ్లు పాయెనని గాదప్పా నా కోపం," అంది సుంకులమ్మ. "కాకులూ బతకాల. నోరుండి మూసుకున్యావే, దానికి. నా చేత్తో నేను వీణ్ణి రొంపిలోకి దింపితి కదరా!"

నేను పుల్లన్న వైపు తిరిగాను. నలభై ఏళ్ళ సన్నటి మనిషి. కోపమేమీ కనబడలేదు, అదే నన్ను ఎక్కువ కుంగదీసింది. "పుల్లన్నా, నేనేనని నీకు తెలుసా?" అని అడిగాను.

"ఎరుకే. నీ కత్తి కోత నున్నగుంటాది, కొడవలి కోత అట్లుండదు. చెప్పితే ఎవురు నమ్మల్ల? నీవు బడి పంతులువి."

"క్షమించు పుల్లన్నా."

"ముందు జమ్ము కోయ్. అది మళ్ళ సూస్తాం."

శిక్ష సుంకులమ్మ వేసింది. పుల్లన్న వంతులో ఇరవై మోపుల జమ్ము నేను కోయాలి. ఇరవయ్యో మోపు ఒడ్డు చేరేదాకా కెమెరా ఆమె గుడిసెలో ఉంటుంది. పుల్లన్న ఆ క్షణం నుంచే మొద్దులెక్కవచ్చు. నాకున్నవి రెండు రోజులు. ఇరవై మోపులు కోస్తే ఫొటో సంగతి దేవుడెరుగు అనుకున్నాను. అయినా సరేనన్నాను.

మర్నాడు ఆరు గంటలకే మొద్దుల మీద ఉన్నాను. ఆ పనిని వరికోతలా అనుకోకూడదు. మొద్దు మీద గొంతు కూర్చుని, ముందుకు వంగి, నీళ్ళలోకి చెయ్యి పెట్టి, మొదలు దగ్గర కోయాలి. కాస్త ఎక్కువ వంగితే మనిషే నీళ్ళలో ఉంటాడు. నేను ఎనిమిదిలోపే రెండుసార్లు పడ్డాను. నా పక్క వంతు ఆడవాళ్ళకు ఆ ఉదయం పని ముందుకు సాగలేదు.

"నల్లబల్ల మీద గీసినట్ల గాదు సారూ!"

"ఒసే, తామరదుంపలు తవ్వుతాండాడేమోలే, ఊరికుండు."

మధ్యాహ్నానికి అరచేతుల్లో బొబ్బలు లేచి పగిలాయి. సాయంత్రానికి తొమ్మిది మోపులయ్యాయి. సత్రం వాడు నా చేతులు చూసి అన్నంతోపాటు చెంచా పెట్టాడు.

అయితే ఆ రోజే ఒక వింత గమనించాను. కిందటేడు నేను జమ్ములో నక్కి, ఊపిరి బిగబట్టి, గంటలకొద్దీ కదలకుండా కూర్చునేవాణ్ణి. పక్షులు దూరంనుంచే లేచిపోయేవి. ఈసారి ఒళ్ళు వంచి, చెమటలు కక్కుతూ, నీళ్ళు చిమ్ముతూ పని చేస్తుంటే అవి నా చుట్టే తిరిగాయి. నీటికాకి ఒకటి మొద్దు చివర రెక్కలారబెట్టుకుంది. లకుముకి పిట్ట నేను కోసిన ఖాళీలోకే మునిగి చేపతో లేచింది. రెండు నీటికుక్కలు మొద్దుల కిందనుంచి ఈదుకుంటూ పోయాయి, వాటి మీసాలు కూడా కనిపించాయి. పదడుగుల్లో ముడి వేసిన జమ్ము ఒకటి ఉంది. దాని కింద గూట్లో కిందటేడు చూసిన జాతి పక్షే కూర్చుని ఉంది. ఇక్కడివాళ్ళు దాన్ని ఆకుకోడి అంటారు. కొడవలి వంపు తిరిగిన పొడుగు తోక, తెల్లని రెక్కలు, మెడ వెనక బంగారు మచ్చ, తామరాకు మునగకుండా నడవగలిగేంత పొడుగు వేళ్ళు. గుడ్లు పొదిగేదీ పిల్లల్ని సాకేదీ మగదే. ఆడది గుడ్లు పెట్టి వెళ్ళిపోతుంది.

ఇది పుల్లన్నతో అంటే నవ్వాడు. "పని చేసేటోణ్ణి అది లెక్కపెట్టదు సారూ. చేతులూరక పెట్టుకుని సూసేటోడంటేనే దానికి దడ."

మూడో రోజు తెల్లవారి వెళ్ళేసరికి గూట్లో పెంకులున్నాయి, గుడ్లు లేవు. సుంకులమ్మ నా ముఖం చూసి వేలు చాపింది. తామరాకుల మీద తండ్రిపక్షి నడుస్తోంది. దాని వెనక బొటనవేలంతేసి పిల్లలు రెండు, గోధుమరంగు చారలతో, ఒళ్ళు కంటే కాళ్ళే పెద్దగా ఉన్నాయి. ఇంకా పదకొండు మోపులు మిగిలి ఉన్నాయి. ఎన్నడూ ఏ పనీ అంత వేగంగా చేయలేదు. బొబ్బలకు గుడ్డ చుట్టుకున్నాను. పదిహేనో మోపు దగ్గర పుల్లన్న వచ్చి కొడవలి తీసుకోబోయాడు.

"వద్దు పుల్లన్నా. ఇది నాది."

"ఎచ్చులకేం తక్కువల్యా," అని పక్కన కూర్చుని తన పని తాను చేసుకున్నాడు.

రెండూ నలభైకి ఇరవయ్యో మోపు ఒడ్డున పడేశాను. సుంకులమ్మ ప్రతి మోపు తాడూ లాగి చూసి, ఒకటి వదులుగా ఉందని విప్పి మళ్ళీ నాతోనే కట్టించింది. తరవాత గుడిసెలోకి వెళ్ళి కెమెరా తెచ్చి నా చేతుల్లో పెట్టింది. "బేగా పో. మబ్బు పడతాంది."

నాది పైనుంచి తల వంచి చూసే కెమెరా. మొద్దు మీద నా చోటుకు వెళ్ళి, దాన్ని ఒళ్ళో పెట్టుకుని వంగాను. పక్షి ఎనిమిదడుగుల్లో ఉంది. ఉన్నట్టుండి అది నడక ఆపి మెడ చాచింది. కొడవలి చప్పుడు ఆగిందని దానికి తెలిసిపోయింది. ఇంకొక్క అడుగు వేస్తే జమ్ములోకి వెళ్ళిపోతుంది.

నా పక్కనే కొడవలి కదిలింది. పుల్లన్న నా భుజానికి ఆనుకుని కూర్చుని కోస్తున్నాడు, సరిగ్గా నేను కోసే లయలో. "సూడు సారూ సూడు," అన్నాడు పెదవి కదపకుండా. "నేను కోస్తాంటా. నీవు నీ పని సూసుకో."

పక్షి మెడ దించింది. నడిచి ఇంకా దగ్గరికి వచ్చింది, ఏడడుగులు, ఆరడుగులు. తొమ్మిది ఫొటోలు తీశాను. పదోదానికి ఫిల్ము తిప్పుతుండగా నీళ్ళ మీద గద్ద నీడ సాగింది. తండ్రిపక్షి ఒక్క కూత వేసి ఆకు మీద చతికిలబడి రెక్కలు దించింది. పిల్లలు పరుగెత్తి ఆ రెక్కల కింద దూరాయి. మరుక్షణం అది లేచి, వాటిని రెక్కల కింద ఇరికించుకుని, నా ముందునుంచే నడిచి వెళ్ళింది. రెక్కల కిందనుంచి పిల్లల కాళ్ళు వేలాడుతున్నాయి. నేను మీట నొక్కాను.

"దొరికెనా?" అన్నాడు పుల్లన్న.

"దొరికింది పుల్లన్నా, దొరికింది!" అని అరిచి అతన్ని కావలించుకున్నాను. ఇద్దరం మొద్దు మీదనుంచి రొంపిలో పడ్డాం. పడేటప్పుడు కెమెరాను తలపైకి ఎత్తింది నేను కాదు, అతనే. మొద్దుల పొడవునా అందరూ లేచి నిలబడి నవ్వారు. సుంకులమ్మ ఒడ్డునుంచి, "ఇద్దరికీ కలిపి ఆడనే ముడేస్తా!" అని అరిచింది.

నాలుగో రోజు ఏడు గంటల బస్సుకు బయలుదేరాను. తొమ్మిదికల్లా నంద్యాల చేరి, బజారులో ఒక స్టూడియోకి ఫిల్ము ఇచ్చాను. ఒంటిగంటకు రమ్మన్నారు. వెళ్ళేసరికి స్టూడియో ఆయన తడి ఫిల్మును కిటికీకి అడ్డంగా పట్టుకుని నుదురు చిట్లించి ఉన్నాడు. "అన్నీ సరిగ్గానే వచ్చినాయి గానీ, ఈ పదోదాన్లో ఏదో పొరపాటు పడినట్లుందప్పా. ఈ పిట్టకు ఆరు కాళ్ళుండాయి."

నేను పెద్దగా నవ్వాను. దారిన పోయేవాళ్ళు తొంగిచూశారు. అక్కడికక్కడే మూడు ప్రతులు వేయించి, రెండు సుంకులమ్మకూ పుల్లన్నకూ ఆళ్ళగడ్డ బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపాను.

రెండున్నర బండిలో కిటికీ పక్క చోటు దొరికింది. పాణ్యం దాటాక ఎదురుగా ఉన్న రైతు దంపతులు నా చేతిలోని ఫొటో అడిగి చూశారు. ఆరు కాళ్ళ సంగతి చెబితే పక్క బెంచీల వాళ్ళు కూడా మూగారు. ఎలా తీశావని ఆ రైతు అడిగాడు. చెప్పాను. ఈసారి కిందటేడు కోసిన ముడి దగ్గర మొదలుపెట్టి, బండి శబ్దంలో అందరికీ వినబడేలా, ఏదీ దాచకుండా చెప్పాను. నా గొంతు ఎక్కడా తగ్గలేదు.

అంతా విని రైతు భార్య, "ఏడాది నీళ్ళల్లో నిలబెట్టినావా ఆ మనిషిని!" అంది.

"నిలబెట్టానమ్మా."

"ఇప్పుడు యాడుండాడు?"

"మొద్దుల మీద," అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నాకు కలిగినంత సంతోషం ఫొటో తీసినప్పుడు కూడా కలగలేదు.