వెంకటరాజం కూర్చుని కొన్న జీపు

కూర్చుని చూడనిదే వెంకటరాజం ఏ వస్తువునూ కొనడు. ఆయనను గురించి చెప్పవలసిన మొదటి మాట ఇదే. మిగిలినదంతా దీనికి వ్యాఖ్యానం. తిప్పి చూడడం, తట్టి చూడడం, పదిమందిని విచారించడం మనవంటి సామాన్యుల పద్ధతులు. ఆయన పంచె కాస్త పైకి లాగి, కళ్లు సగం మూసి, కూర్చునేవాడు. పొద్దెక్కేది, పొద్దు వాలేది. చివరకు లేచి "ఔ" అనో "కాదు" అనో ఒక్క మాట అనేవాడు. ఎట్లా తెలిసిందని ఎవరైనా అడిగితే దానికీ ఒక్కటే సమాధానం: "కూసుంటే తెలుస్తది."

నేను ముప్ఫై ఏళ్లకు పైగా పిల్లలకు వ్యాకరణం చెప్పినవాణ్ణి. 'కూర్చొను' అన్నది అకర్మక క్రియ అనీ, దానికి కర్మ ఉండదనీ బల్ల గుద్ది చెప్పినవాణ్ణి. వెంకటరాజాన్ని ఎరిగిన తరువాత ఆ సూత్రం మీద నా విశ్వాసం కొంత సడలింది. మనం మంచం మీద కూర్చుంటాం. ఆయన మంచాన్నే కూర్చునేవాడు. ఈ ప్రయోగాన్ని ఏ వ్యాకరణమూ ఒప్పుకోదు. ఒప్పుకోకపోవడం వ్యాకరణం లోపమే కాని ఆయన లోపం కాదని ఇప్పటికీ నా అభిప్రాయం.

అరవయ్యో దశకం మొదట్లో నన్ను అచ్చంపేటకు ఆవల, నల్లమల అంచున ఉన్న ఒక పల్లెకు బదిలీ చేశారు. బడి పక్కనే ఆయన ఇల్లు. ఇంటినిండా గుంట మగ్గాలు. నేలలో గుంట తవ్వి, దాని అంచున కూర్చుని, కాళ్లు గుంటలోకి వేలాడదీసి నేస్తారు కనుక వాటికి ఆ పేరు. పసితనం నుంచి అట్లా కూర్చున్న మనిషికి కూర్చోవడం ఒక విద్య అయింది. ఆ విద్యలో ఆయనను మించినవాణ్ణి నేను చూడలేదు. నేసిన చీరలను ఎడ్లబండి మీద చుట్టుపక్కల పల్లెలన్నీ తిప్పి అమ్ముకొనేవాడు.

మనవణ్ణి బడిలో వేయడానికి వచ్చిననాడు ఆయన చేసిన మొదటి పని ముందు బెంచీ మీద కూర్చోవడం. తరువాత దాని వెనుక బెంచీ, ఆ తరువాత దాని వెనుకది. నేను సంధులు చెబుతూనే ఉన్నాను. చిట్టచివరి మూలలో మధ్యాహ్నం గంట కొట్టేదాకా కూర్చుని లేచి, "సారూ, చదువు మంచిగనే చెప్తున్నరు. గని గా మూలకు ఎండ కొడ్తాంది" అన్నాడు. ఏ పరిశీలనాధికారీ నా పాఠాన్ని అంత ఓపికగా వినలేదు.

కూతురికి సంబంధం చూడడానికి వెళ్లినప్పుడు ఇంకా ఘనంగా జరిగింది. పెళ్లికొడుకును ఒక్క ప్రశ్న అడగకుండా ఇంట్లోకి నడిచి, పొయ్యి పక్కన పీట వేసుకుని కూర్చున్నాడు. ఆడవాళ్లు వంట చేయలేక, ఆయనను లేవమనలేక అవస్థపడ్డారు. దగ్గుతూ బయటికి వచ్చి, "పిలగాడు మంచోడే. పొగ వోయెటందుకు గోడకు కిటికీ కొట్టిస్తే పిల్లనిస్త" అన్నాడు. కొట్టించారు. ఆయనను రాజమన్న అని పిలిచే మా ఊళ్లోవాళ్లు చాలాకాలం నవ్వుకున్నారు: రాజమన్న అల్లుణ్ణి వెతకపోయి కిటికీని చూసి వచ్చిండట!

ఇంతకూ నేను చెప్పదలచినది జీపు సంగతి. వయసు మీరిన ఉపాధ్యాయుని చేత కథ చెప్పించుకుంటే ఇదే చిక్కు. దారిలో ప్రతి చెట్టు కిందా ఆగుతాడు.

ఆ ఇల్లు పెరిగే ఇల్లు. కొడుకులు, కోడళ్లు, మనవలు. ఎడ్లబండిలో ఎవరి మోకాలు ఎవరిదో తెలియని పరిస్థితి. అప్పుడే చిన్న కోడలు సుగుణమ్మ గర్భవతి అయింది. వేసవి నడుమ మంత్రసాని మైసమ్మ వచ్చి చూసి, ముఖం చిన్నది చేసుకుంది.

"రాజమన్నా, బిడ్డ అడ్డం ఉన్నది. కాన్పు మహబూబ్‌నగర్ పెద్ద దవాఖానల కావాలె. ఎడ్లబండిల తీసుకపోతివా, గా రాళ్ల కుదుపుకు నేను పూచీ పడ."

ఊరికీ పెద్ద రోడ్డుకూ నడుమ రాళ్లబాట, ఆ బాటకు అడ్డంగా ఒక వాగు. తొలకరి పడిందంటే బండి దాటదు. సుగుణమ్మకు నెలలు నిండేదీ తొలకరి నాటికే.

"ఒక జీపు కిరాయికి మాట్లాడితే సరిపోదా అన్నా?" అన్నాను.

"గిప్పటికి సరిపోతది సారూ. ఇంట్ల ఇంకా ఆడపిల్లలున్నరు. కాన్పు కాన్పుకు వాగు కాళ్లు మొక్కుమంటరా? ఇంటిల్లిపాదీ పట్టే జీపే కొంట."

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన తరువాత సైన్యం వేలం వేసిన జీపులు చేతులు మారి మారి మా జిల్లాలకు చేరుతున్న కాలం అది. లారీ నడపడం నేర్చిన చిన్న కొడుకు దశరథ, కాగితాలు చదవడానికి నేను, కూర్చోవడానికి ఆయన - ముగ్గురం బయలుదేరాము.

మొదటి జీపు నల్లగొండ పక్కన పానగల్‌లో దొరికింది. ముందు జాగాలో మెత్తని దిండు, వెనుక ఇనుప పలకలు. వెంకటరాజం ముందు ఇట్లా కూర్చుని అట్లా దిగాడు. వెనుకకు ఎక్కినవాడు మాత్రం దిగలేదు. మేము పక్క సందులో భోజనం చేసి వచ్చినా అక్కడే ఉన్నాడు, కళ్లు సగం మూసి, ధ్యానంలో ఉన్న మునివలె.

జీపు యజమాని నా చెవిలో, "పెద్దమనిషికి పానం బాగలేదా?" అన్నాడు.

"బాగానే ఉంది. చూస్తున్నాడు."

"కండ్లు మూసుకొనా?"

వెంకటరాజం లేచాడు. "కాదు" అన్నాడు.

"ఎందుకు కాదు? యజమానివి, నువ్వు ముందర కూసుంటవు గద! వెనుక సంగతి నీకెందుకు?"

ఆయన పంచె దులుపుకున్నాడు. మహబూబ్‌నగర్‌లో చూసిన రెండో జీపుకూ అదే గతి పట్టింది. ఊళ్లో నవ్వులు మొదలయ్యాయి. రాజమన్న తనకు సింహాసనం వెతుకుతున్నాడన్నారు. ఆయన భార్య ఆండాళుకు మాత్రం నవ్వు రాలేదు.

"ఏమయ్యా, జీపు కొంటవా, జీపులల్ల కూసొని కూసొని ముసలోనివైతవా? ఆకాశం జూడు. మబ్బులు వడ్తున్నయి. కోడలు కూసుంటె లేవలేకపోతాంది, నువ్వు కూసుంటె లేస్తనే లేవు!"

"లేస్త. దొరకనీ."

"ఏం దొరకాలె?"

"కూసుంటే తెలుస్తది" అని ఆయన పంచె ఎగగట్టాడు. నాకు ఆ మొండితనం చూస్తే భయమూ వేసింది, ఒక విధమైన భక్తీ కలిగింది.

మూడో జీపు కొత్తకోటలో, రామచంద్రం అనే రోడ్డు కంట్రాక్టరు దగ్గర. ఈసారి ముందే కబురు పంపి, సుగుణమ్మను ఆమె తల్లికి అప్పగించి ఇంటిల్లిపాదీ బస్సెక్కాము. అక్కడికి చేరేసరికి అంజయ్య అనే మిల్లు యజమాని అదే జీపు కోసం వచ్చి, చాయ తాగుతూ కూర్చున్నాడు.

"చూడు పెద్దమనిషీ," అన్నాడు రామచంద్రం, "మొదలు అడిగినోడివి నువ్వు గనక నీకే ముందు. అంజయ్య చాయ అయ్యేలోపల ఔనో కాదో చెప్పు."

వెంకటరాజం ముందు సీటులో కూర్చున్నాడు. కాళ్లు అటూ ఇటూ ఆడించాడు. ముఖంలో కలవరం కనిపించింది.

"గుంట ఏది?"

"ఏం గుంట?"

"కాళ్లు ఏలాడేసే గుంట. గింత సేపు కూసునే జాగల కాళ్లకు గుంట లేకుంట ఎవడు చేసిండు దీన్ని?"

"చేసినోడు మగ్గం నేసే సాలోడు కాదు గద! గుంట వెడితే నీ కాళ్లు రోడ్డు మీద నడుస్తయి. ఇగ జీపెందుకు?"

ఆలోచించి, అందులో న్యాయం ఉందని ఒప్పుకున్నాడు. తరువాత అందరినీ ఎక్కించి, పక్కనున్న ఎండిన వాగులో రాళ్ల మీద నడపమని దశరథతో అన్నాడు. ఒక చుట్టు తిరగగానే లేచి మరొక జాగాలో కూర్చున్నాడు. ఇంకొక చుట్టు, ఇంకొక జాగా. పిల్లలు కేరింతలు కొడుతున్నారు. ఒడ్డున అంజయ్య రెండో చాయ తెప్పించుకున్నాడు. అది కొంతవరకు వినోదం కోసమేనని నా అనుమానం.

చిట్టచివరకు ఎడమవైపు వెనుక మూలకు, చక్రం మీది జాగాకు వచ్చాడు. ఒక పక్క పనిముట్ల పెట్టె, మరొక పక్క ఇనుప కడ్డీ. రాయి తగిలినప్పుడల్లా మనిషి గాలిలోకి లేస్తున్నాడు. తల పైకప్పు గుడ్డకు తగులుతున్నది.

"బాపూ, ఇగ చాలు!" అన్నాడు దశరథ.

"ఇంకొక్కపారి పోనీ."

"గా అంజయ్య లేస్తాండు బాపూ!"

"పోనియ్యిరా!"

జీపు ఆగింది. వెంకటరాజం దిగాడు. నడుము నిటారు కాలేదు. ఒక చెయ్యి నడుము మీద, ఒక చెయ్యి జీపు మీద. ముఖం మాత్రం వెలిగిపోతున్నది.

"దొరికింది సారూ!"

"ఏం దొరికిందన్నా?"

"చెడ్డ జాగ. గీ మూల. ఎంత చెడ్డదంటె, చెప్పరాదు." రామచంద్రం వైపు తిరిగి, "జీపు నాదే. ఖాయం" అన్నాడు.

రామచంద్రం నోరు తెరిచాడు. "చెడ్డ జాగ దొరికినందుకు కొంటున్నవా?"

"మిగిలినయన్నీ మంచిగున్నయి. గీ ఒక్కటే చెడ్డది. పానగల్ దాంట్ల వెనుక జాగలన్నీ చెడ్డయే. మహబూబ్‌నగర్ దాంట్ల రెండు. రెండు చెడ్డయుంటె నేను రెండిట్ల ఎట్ల కూసుంట? నాకున్నది ఒక్క నడుమే గద సారూ!"

అంజయ్య చేతిలోని చాయ గ్లాసు నోటిదాకా పోకుండా ఆగింది. లోకంలో మంచి చోటు ఎక్కడుందో వెతుక్కునేవాళ్లను చూశాను. చెడ్డ చోటు ఎక్కడుందో వెతికి, అది ఒక్కటే ఉందని రూఢి చేసుకుని, దాన్ని తన పేర పెట్టుకున్న మనిషిని అంతకు ముందు చూడలేదు, ఆ తరువాతా చూడలేదు. ఆండాళు మాత్రం, "గీ ముక్క ముందుగాల్నే చెప్తె నీ నోటి ముత్యాలు రాల్తయా?" అని కసిరి, కొంగుతో ఆయన నెత్తి మీది దుమ్ము దులిపింది.

తొలకరి మొదలైన వారంలోనే సుగుణమ్మకు నొప్పులు వచ్చాయి. తెల్లవారుతూనే బయలుదేరాము. వాగులో నీళ్లు చక్రాల సగానికి ఉన్నాయి. ఎడ్లబండి ఏదైనా అక్కడే ఆగేది. జీపు ఒకసారి మూలిగి, దాటింది. సుగుణమ్మ ముందు సీటులో దిండ్ల నడుమ పడుకున్నట్లు కూర్చుంది. వెనుక మూలలో వెంకటరాజం ఎగిరెగిరి పడుతూ, జాగాకు తగిలిన ప్రతిసారీ అడుగుతున్నాడు.

"బిడ్డా, కుదుపు తగుల్తాందా?"

"లేదు మామా."

"దశరథా, గట్లనే పోనీ... అబ్బా... బిడ్డా, గిప్పుడు?"

"నాకు లేదు మామా. నీకే!"

నొప్పుల నడుమ కూడా ఆ పిల్ల నవ్వింది. పెద్ద దవాఖానలో డాక్టరమ్మ చాలాసేపు శ్రమపడింది. వరండాలో వెంకటరాజం తన జీవితంలో మొదటిసారి కూర్చోలేకపోయాడు. ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు నడుస్తూనే ఉన్నాడు. లోపలి నుంచి ఏడుపు వినిపించినప్పుడు గోడకు చేరగిలబడ్డాడు. ఆడపిల్ల. తల్లీబిడ్డలు క్షేమం.

దవాఖాన నుంచి ఇంటికి తీసుకువచ్చే రోజున నేను కూడా వెళ్లాను. సుగుణమ్మ బిడ్డతో ముందు కూర్చుంది. వెంకటరాజం వెనుకకు వచ్చి చూస్తే, చక్రం మీది మూలలో ఆండాళు కొంగు బిగించి కూర్చుని ఉంది.

"లేవు. గది నా జాగ."

"నీ పేరు రాసున్నదా?"

"నీ నడుము ఇరుగుతది."

"ఇరగనీ. నీదే ఇనుపదా?"

"దశరథా, మీ అవ్వను దిగుమను!"

"మీ తగాదల నన్ను వెట్టకుండ్రి బాపూ" అని దశరథ జీపును కదిలించాడు. వెంకటరాజం గబుక్కున ఎక్కి, ఆమె పక్కనే, అంటే పనిముట్ల పెట్టె మీద, సగం గాలిలో సర్దుకున్నాడు. ఒక్క మనిషికే చాలని ఆ మూలలో ఇద్దరూ మోచేతులతో పొడుచుకుంటూ, ఎగురుతూ, తిట్టుకుంటూ వస్తున్నారు. ఎదురుగా మంచి జాగా ఖాళీగా ఉంది. ఎవరైనా కూర్చోక తప్పదు కనుక నేను కూర్చున్నాను.

ఒక పెద్ద రాయి మీదుగా జీపు దూకింది. ఇద్దరి తలలూ పైకప్పును తాకి వచ్చాయి. కిందికి దిగుతూనే వెంకటరాజం నా వైపు ఆత్రంగా వంగాడు.

"సారూ, మీకు మంచిగున్నదా?"

"పరుపు మీద ఉన్నట్లుంది అన్నా."

ఆయన నడుము పట్టుకునే, ఆండాళు వైపు గర్వంగా చూశాడు.

"చూస్తివా! నేను ఎంచిన జీపు!"