కూత ఆపినవాడు

తిరుపతిలో గంగజాతర ముగిసిన తర్వాతి ఆదివారం, సాయంత్రం నాలుగున్నర. తొంభైలు ముగిసే ఏడు. ఒక హైస్కూలు మైదానంలో కబడ్డీ పోటీల చివరి ఆట మొదలైంది. ఆ ఆట ముగిసేసరికి నా మోకాలు పోయింది, ఆటగాడిగా నా బతుకూ ముగిసింది. అది పెద్ద సంగతి కాదు. ఓడినవాడికి దమ్ము చాల్లేదని జనం చెప్పుకున్నారు. అది తప్పు. అందుకే రాస్తున్నాను.

నేను ఒక మిల్లు జట్టులో ఆడేవాణ్ణి. మస్టరులో నాది కూలిపని, జీతమిచ్చేది మాత్రం ఆడినందుకు. అందరూ సంతకాలు పెడితే నేను వేలిముద్ర వేసేవాణ్ణి. మాది ఏర్పేడు దగ్గర పల్లె, మెట్టచేను మీద బతికే ఇల్లు. బడికి పోలేదు. ఒళ్లు మాత్రం పెరిగింది. ఆ ఒళ్లు చూసే మిల్లువాళ్లు తీసుకున్నారు.

నా చోటు ఎడమ మూల. ఆట తెలియనివాళ్లకు చెబుతాను. అవతలి జట్టు నుంచి ఒకడు మధ్యగీత దాటి, గుక్క తిప్పుకోకుండా "కబడ్డీ కబడ్డీ" అని కూత పెడుతూ మనవైపు వస్తాడు. మనలో ఎవరినైనా తాకి, కూత ఆగకుండా మళ్లీ గీత అందుకుంటే వాడు గెలిచినట్టు. పట్టి ఆపితే మనం గెలిచినట్టు. మధ్యలో వాడు ఊపిరి పీల్చినా, ఇంకొక మాట నోట్లోంచి వచ్చినా వాడి పని అయిపోయినట్టే. ఇది చిన్నపిల్లలకు కూడా తెలుసు.

మూలవాడి పని వెంటబడడం కాదు, కాచుకోవడం. కాలు అందేదాకా కదలకూడదు. అందాక వదలకూడదు. నా ఆటంతా అంతే. పేపర్లో ఫొటో పడేది కూతకు పోయేవాడిది. పట్టేవాడి మొహం ఎప్పుడూ మట్టిలో ఉంటుంది.

మూలవాడు ఒంటరిగా నిలబడడు. పక్కవాడి చెయ్యి పట్టుకుని నిలబడతాడు. మా నాయన ఒకసారి ఆట చూసి, ఇంటికి పోయే దోవలో ఎగతాళి చేశాడు.

"ఏమిరా, పెండ్లిపీటల మీద మాదిరి సెయ్యి సెయ్యి పట్టుకోని నిలబడినారు? అదేమి ఆటరా?"

"పట్టుకోకుంటే వాడు మనల్ని ఈడ్సుకోని పోతాడు నాయనా."

"పట్టుకుంటే?"

"ఇద్దర్నీ ఈడ్సల్ల గదా."

"అట్లయితే ఒక ఎద్దును కట్టేసుకోండి, ఇంకా మేలు."

నా కుడిచెయ్యి పట్టుకునేవాడు నగరి వాడు. మగ్గాల ఇంట్లో పుట్టినవాడు, నాకంటే చిన్న. చెయ్యి సన్నం, కానీ వేళ్ల కొసలు నూలు లాగి లాగి కాయలు కాచి ఉండేవి. నన్ను "అణ్ణా" అనేవాడు. వాళ్ల దిక్కు మాటలో అరవం కలుస్తుంది. అసలు మాటే తక్కువ వాడికి. బరిలో మేం మాట్లాడుకుంటే కూతకొచ్చినవాడు వింటాడు. అందుకని వాడే ఒక పద్ధతి పెట్టాడు. చెయ్యి ఒకసారి నొక్కితే ఆగమని, రెండుసార్లు నొక్కితే దూకమని. నాకు తొందరెక్కువ. ఒక్క నొక్కుతో ఆపేవాడు.

బరి బయటా అదే అలవాటయింది. మేనేజరు తిడుతున్నప్పుడు నేను నోరు తెరవబోతే నొక్కేవాడు. మా నాయన పోయినప్పుడు కాటి దగ్గర నా పక్కనే నిలబడ్డాడు. అందరూ ఏదో ఒక మాట చెప్పిపోయారు. వాడు మాత్రం నా చెయ్యి పట్టుకున్నాడు. ఒకసారి నొక్కాడు.

నాకు పెళ్లి కుదరలేదు. ఊరూరా తిరిగి మట్టిలో పొర్లేవాడికి పిల్లనెవరిస్తారు? అమ్మ నాయనకంటే ముందే పోయింది. ఉన్నమాట చెప్పాలంటే, పెద్దయ్యాక నా చెయ్యి పట్టుకున్న మనిషి వాడొక్కడే. ఆ సంగతి అప్పుడు తోచలేదు.

తర్వాత మిల్లువాళ్లు జట్టును మార్చి వాణ్ణి తీసేశారు. సూళ్లూరుపేట దిక్కు ఏదో ఫ్యాక్టరీ జట్టువాళ్లు పిలిస్తే పోయాడు. పోయిన రోజు నేను జ్వరంతో ఊళ్లో ఉన్నాను. నా పక్కకు కొత్తవాడు వచ్చాడు. బలమైనవాడే. చెయ్యి పట్టుకుంటే మాత్రం తడిగుడ్డ పట్టుకున్నట్టుండేది. నొక్కుల సంగతి చెప్పాను.

"నా సెయ్యేమన్నా నీకు లారీ హారనా అన్నా, నొక్కేదానికి?" అన్నాడు. జట్టంతా నవ్వింది. మళ్లీ చెప్పలేదు. బరిలో ఏడుగురం ఉన్నా నా మటుకు నేను ఒక్కణ్ణే ఆడాను.

అప్పటికే ఎడమ మోకాలు ఇబ్బంది పెడుతోంది. జాతర పోటీలకు ముందు మేనేజరు పిలిచాడు.

"ఈ పోటీల్లో కడదాకా నిలబడితే వచ్చే ఏడూ ఆ మూల నీదే. లేదంటే ఊరికి పొయ్యి సేను సూసుకో."

"సేను యాడుండాది సారూ? దాయాది పాలోళ్లు దున్నుకుంటాండారు."

"అయితే మోకాలన్నా సూసుకో, పో."

ఆ మూల పోతే నాకు ఇంకెక్కడా చోటు లేదు. అది అతనికీ తెలుసు, నాకూ తెలుసు.

చివరి ఆటకు ఎదురొచ్చింది సూళ్లూరుపేట జట్టు. మా నగరివాడు గీతకు అవతల ఇంకెవరి చెయ్యో పట్టుకుని నిలబడి ఉన్నాడు. నన్ను చూసి తల ఊపాడు. నేనూ ఊపాను. వాడు ఆ పక్కవాడి చెయ్యి నొక్కుతున్నాడా అని చూశాను. అంత దూరానికి తెలియలేదు.

ఆట కడకొచ్చేసరికి మాకు ఒక్క పాయింటు ఎక్కువ. వాళ్లలో అందరూ అవుటై వాడొక్కడు మిగిలాడు. ఒక్కడే మిగిలితే పట్టేవాడైనా కూతకు రావాల్సిందే. వాడు కూతకు పోవడం నేనెన్నడూ చూడలేదు. గోడమీద కూర్చున్న ఒకడు అరిచాడు.

"రారా నగరోడా! సీర నేసి పోదువు గాని రా!"

వాడు కూత పెట్టుకుంటూ నేరుగా నా మూలకే వచ్చాడు. నా నడకలోనే మోకాలి సంగతి కనిపెట్టి ఉంటాడు. బలం లేని చోటికే రావాలి, ఆట అంటే అదే. నేనైనా అదే చేసేవాణ్ణి. కొత్తవాడి భుజం తాకి మళ్లాడు. మళ్లడంలో కాలు నా ముందుకు వచ్చింది. నా చెయ్యి నొక్కినవాడు లేడు. నాకు నేనే ఆగమని చెప్పుకుని, నాకు నేనే దూకమని చెప్పుకుని దూకాను. చీలమండ దొరికింది. వాడు పడ్డాడు. మావాళ్లు వచ్చి మా ఇద్దరి మీద పడ్డారు. నా ఎడమకాలు ఆ బరువు కింద మడతపడి పక్కకు తిరిగిపోయింది. పచ్చికొమ్మ విరిచినట్టు లోపల చప్పుడైంది. అయినా పట్టు వదల్లేదు. వదిలితే మూల పోతుంది.

వాడు బోర్లాపడి గీతకేసి చెయ్యి చాచాడు. జానెడు దూరం ఉంది. కూత ఆగలేదు. దమ్ము అయిపోయేవాడి కూత ముందు పలచబడుతుంది, తర్వాత వణుకుతుంది. ఎందరినో పట్టినవాణ్ణి, నాకు తెలుసు. వాడి కూత నిండుగా ఉంది. ఇంకొక్క ఊపు ఊపితే గీత అందేది, పట్టిన మేమందరం అవుటై ఆట వాళ్లదయ్యేది. అప్పుడు తల తిప్పి వెనక్కు చూశాడు. నా కాలు చూశాడు.

"లెయ్యండ్రా! అణ్ణ మోకాలు!" అన్నాడు.

కూత ఆగింది. అంపైరు ఈల ఊదాడు. మావాళ్లు లేచి ఎగిరారు. అప్పటికే జనం పెడుతున్న గోలలో వాడి మాట నా చెవిన తప్ప ఎవరి చెవినా పడలేదు. గీత అందకముందే కూత ఆగిందని మాత్రం అందరూ చూశారు.

నన్ను మోసుకొచ్చి ఆటోలో పడుకోబెట్టారు. వాడు ఒంటినిండా మట్టితో ఆటో దగ్గరికి వచ్చి, ఎడమచేత్తో నా కుడిచెయ్యి పట్టుకున్నాడు. ఒకసారి నొక్కాడు. ఆగమని. ఆటో కదిలింది.

పక్కన కూర్చున్న మేనేజరుతో చెప్పాను.

"వాడు కావాలనే ఆపినాడు సారూ. నా కాలు సూసి ఆపినాడు."

"నొప్పికి ఏందేందో మాట్లాడతాండావు. గెలిసినాం గదా, గమ్మునుండు."

పుత్తూరుకు తీసుకుపోయారు. మా దిక్కు కాలో చెయ్యో విరిగితే కట్టుకు పోయేది అక్కడికే. ఎముక అతుకుతుంది గానీ ఆ మోకాలు ఇక ఆటకు వంగదని కట్టు కట్టినాయన మొదటి రోజే చెప్పాడు. అంటే మూల పోయింది. రోడ్డువారన ఒక ఇంటి వసారాలో మంచం అద్దెకిచ్చారు. తోడు ఎవరూ లేరు. ఆగమన్నాడు కదా, వస్తాడని ఆగాను. నగరి నుంచి వచ్చే బస్సులన్నీ ఆ వసారా ముందే పోతాయి. పోయే అన్ని బస్సుల్లో నగరిది ఏదో నాకు తెలియదు.

పక్క మంచం మీద మణికట్టు విరిగిన ఒక పెద్దామె ఉండేది. బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ప్రతి బస్సుకూ నేను మెడ ఎత్తడం చూసింది.

"ఎవురి కోసరం నాయనా?"

"నగరి బస్సు యాడిదమ్మా?"

"బోర్డు మీద రాసుండాది గదా. ఇంత దేహం పెంచినావు, మూడు అచ్చరాలు రావా?"

సిగ్గేసింది. ఆమె బాగున్న చేత్తో గోడమీద బొగ్గుతో మూడక్షరాలు రాసి చూపించింది. నగరి. నేను చదివిన మొదటి మాట అది. అప్పటికి నా తలలో సగం వెంట్రుకలు తెల్లబడ్డాయి. మిగతా అక్షరాలు తిరుత్తణి, చిత్తూరు, శ్రీకాళహస్తి బోర్డులతో వచ్చాయి. వాడు రాలేదు. ఏ అడ్డం వచ్చిందో.

కట్టు విప్పాక నేనే బోర్డు చదివి నగరి బస్సెక్కాను. మగ్గాల వీధిలో మరమగ్గాల రొదకు ఏమడిగినా రెండుసార్లు అరవాల్సి వచ్చింది. వాడి ఇంటికి తాళం ఉంది. ఎదురింటి అరుగుమీద నూలు చుడుతున్న ముసలాయన్ను అడిగాను.

"సడుగుడు, అదే కబడ్డీ, ఆడే పిల్లోడా? అరవనాడుకు పొయ్యినారు, యాడనో తెలీదు. తిరపతిలో దమ్ము సాలక ఓడిపోయి వచ్చినాడే, వాడే గదా?"

"దమ్ము సాలక కాదు పెద్దాయనా. వాడే ఆపినాడు."

"నువ్వెవురప్పా?"

"ఆ పొద్దు వాని కాలు పట్టుకున్నోణ్ణి."

ముసలాయన పడీపడీ నవ్వాడు. "కాలు పట్టి పడేసినోడే వత్తాసు పలకతాండాడే!" అని లోపలికి కేకేసి ఇంట్లోవాళ్లకు కూడా చెప్పాడు. వాళ్లూ నవ్వారు. మంచినీళ్లిచ్చారు. తాగి వచ్చేశాను.

ఇప్పుడు ఒక షెడ్డుకు కాపలా ఉంటున్నాను. నిలబడినప్పుడు కుడిచెయ్యి కొంచెం పక్కకు చాచే అలవాటు పోలేదు. చూసినవాళ్లు పక్షవాతమా అని అడుగుతారు. కాదంటాను.

ఆ రోజు ఆ మైదానంలో ఉన్నవాళ్లు వీళ్లు. ఈల ఊదిన అంపైరు. మా మేనేజరు. తడిగుడ్డ చెయ్యి కొత్తవాడు, మా మీద పడ్డ మావాళ్లు. అవుటై గీత బయట కూర్చున్న సూళ్లూరుపేట వాళ్లు. వాళ్లకు ఆట నేర్పిన పొట్టాయన. చీర నేయమని అరిచినవాడు, గోడమీద వాడితో కూర్చున్నవాళ్లు. సోడా బండి ఆయన. జాతర చూడ్డానికి చుట్టాలింటికి వచ్చి, పోకుండా ఉండిపోయిన ఆడవాళ్లు కొందరు. స్కూలు వాచ్‌మన్. ఆటో నడిపినాయన. వాడన్న మాట వీళ్లెవరికీ వినబడలేదు. విన్నది ఇద్దరమే.

వాడు. నేను.