నా మొదటి ప్రార్థన చీటీ

పన్నెండేళ్లు రాజాంలో పళ్ళ డాక్టరుగా చేసిన నా కూతురు, ఒకరోజు పొద్దున్నే చద్దన్నం తింటూ, ఇక పళ్ళు పీకనని చెప్పింది. ఆడవాళ్ళకి స్కూటీ నేర్పుతుందట. రెండు పాత బళ్ళు అప్పటికే కొనేసింది కూడా.

"మెడనొప్పికేనా? తగ్గాక మళ్ళీ సేద్దువులే" అన్నాను.

"మెడ కాదే అమ్మా. నోళ్ళు సూసి సూసి విసుగొచ్చింది. పెళ్ళికెళ్తే బంతిలో కూడా నోరు తెరిసి సూపిస్తారు."

"డాక్టరంటే అంతే కదే!"

"అందుకే మానీసినాను. సర్చి సంఘంలో నేనే సెప్తాను. నువ్వు మాత్రం ఎవరికీ సెప్పకు."

సరేనన్నాను. కానీ ఒళ్ళు మండిపోయింది. తన చదువు అయ్యేదాకా నేను జూట్ మిల్లులో దుమ్ము పీల్చాను. మిల్లు మానేశాక తన పళ్ళ క్లినిక్కులోనే, రోగులు రాని మధ్యాహ్నాల్లో, తనే నాకు అక్షరాలు దిద్దించింది. చీటీ చూసి పేర్లు పిలవడం నా పని. గుమ్మం పక్క కుర్చీ నాది. మూసేసే ముందు నన్నొక మాట అడగొద్దూ?

మా చర్చిలో తలుపు పక్కన చెక్కపెట్టె ఒకటి ఉంటుంది. కష్టం ఉన్నవాళ్ళు చీటీ రాసి అందులో వేస్తే, ఆదివారం పాస్టరుగారు చదువుతారు, అందరం ప్రార్థన చేస్తాం. పేరు రాయక్కర్లేదు. ఇన్నాళ్ళూ నా చీటీ ఇంకొకరు రాసేవారు, కాబట్టి నా కష్టం వాళ్ళకి తెలిసిపోయేది. ఇప్పుడా బెడద లేదని, నేనే కూర్చుని రాశాను: "మా అమ్మాయి స్కూటర్ల పిచ్చి వదిలి మళ్ళీ పళ్ళు పీకేలా ప్రార్థించండి." పేరు పెట్టలేదు. ఎంత తెలివిగా చేశానో అనుకున్నాను. మా సంఘం మొత్తంలో పళ్ళు పీకే మనిషి ఒక్కర్తేనని పెట్టెలో వేసేటప్పుడు తట్టనే లేదు.

పాస్టరుగారు ముందుగా చూసుకోకుండా చదివేశారు. సగంలో ఆయన గొంతు నెమ్మదించింది కానీ ఆపలేదు. ఆడవాళ్ళ వరసలన్నీ మా వైపు తిరిగాయి. అందరూ గట్టిగా ఆమేన్ అన్నారు. నా పక్కన కూర్చున్న నా కూతురి గొంతు మాత్రం వినబడలేదు.

బయటికి రాగానే ఓ పెద్దాయన మెట్ల మీదే నోరు తెరిచాడు. "డాక్టరమ్మా, నా కట్టుడు పళ్ళు మరెవులు సూస్తారే?"

దేవుడు పని మొదలుపెట్టాడని సంతోషించాను. అంతలో పాస్టరమ్మగారు వచ్చి నా కూతురి చెయ్యి పట్టుకున్నారు.

"నిజంగా బండి నేర్పుతావేటమ్మా? మా ఆయన పదేళ్ళనుంచీ రేపు, రేపు అంటన్నారు."

"పడిపోతేనో?" అన్నాను నేను.

"పడితే లేస్తాను. మీ అమ్మాయి దగ్గర పన్ను పీకించుకున్నదానికంటే నొప్పుంటాదేటి?"

గేటు దాటేసరికి బండి నేర్చుకుంటామని ఐదుగురు చేరారు. నా చీటీని ఆ దేవుడు ఎటు తిప్పి చదివాడో!

మూడు రోజులు నా కూతురు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు నా ముందు ఓ నోట్‌బుక్కు పడేసింది.

"ఎవరు ఏ పూట వస్తారో రాయి. ఆ చీటీ రాసిన సేత్తోనే రాయి."

"నేను ఎవరికీ సెప్పలేదే!"

"అవును, సెప్పలేదు. సంఘమంతటి సేతా ప్రార్థన సేయించావు."

ఇప్పుడు రోజూ పొద్దున్న ఆరింటికి కాలేజీ గ్రౌండు గట్టు మీద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటున్నాను. దుమ్ముకి దుమ్ము, హారన్ల గోల. పాస్టరమ్మగారు ఇప్పటికి రెండుసార్లు బండితో సహా కంచెలో దూరారు. రెండుసార్లూ పకపకా నవ్వారు. నవ్వినప్పుడల్లా కుడివైపు వెనకపన్ను నల్లగా కనిపిస్తుంది. నిన్న ఇక ఉండబట్టలేకపోయాను.

"పాస్టరమ్మగారూ, ఆ పన్ను పుచ్చిపోయినాదండీ. ఎవరికైనా సూపించుకోండి."

"అమ్మా!" గ్రౌండు అవతలినుంచి అరిచింది నా కూతురు.

నేను నోట్‌బుక్కు తెరిచి తరవాతి పేరు పిలిచాను.