చెవి చిరిగిన జింక

విల్లు పట్టుకుని చెట్టెక్కి కూర్చునే వేటగాళ్ళలో, ఆ రోజు హోటల్లో స్పెషల్ ఏమిటో జింకలకు ముందే తెలియజేసేవాణ్ని బహుశా నేనొక్కణ్నే. అమెరికాలో, ఐసెలిన్ అనే ఊళ్ళో హోటల్ వంటమాస్టర్ని. నా జుట్టులోంచి తాలింపు వాసన పోవాలంటే జుట్టే పోవాలి. అదీ మొదలైంది. మొదటి సీజన్లో ఒక ఆడజింక నా చెట్టు కిందికి వచ్చి, ముక్కు పైకెత్తి, కాసేపు నన్ను చూసి, మెనూ నచ్చని కస్టమర్‌లాగా తిరిగి వెళ్ళిపోయింది. ఈ సంగతి ఊరంతా చెప్పి నవ్వించింది కూడా నేనే.

తొమ్మిదో తరగతిలో బడి మానేసిన నాకు విల్లు పట్టడం నేర్పింది మా చర్చిలోని ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. దగ్గర్లోని పిస్కాటవేలో ఉంటాడు. వయసులో నాకంటే చాలా చిన్న. నన్ను అన్నా అంటాడు, నేను తమ్ముడూ అంటాను. వేట లైసెన్స్ క్లాసులో నా పక్కన కూర్చుని ప్రతి ప్రశ్నా తెలుగులో విడమరిచి చెప్పాడు. పాసయ్యాను. జన్మలో నేను పాసయిన మొదటి పరీక్ష అది. ఇంటికెళ్ళి మా ఆవిడకు మార్కులు చూపిస్తే, "ఇంత లేటుగా తెచ్చారు, సంతకం ఎవరు పెట్టాలి?" అంది. ఆ పరీక్ష పాస్ చేయించినందుకు అతనికి ఏమిచ్చినా తక్కువే అనుకునేవాణ్ని.

ఇవ్వడానికి నా దగ్గర ఒకటి దొరికింది. హోటల్‌కి మేకలు కొనే పని నాది. అందుకోసం పడమరగా గంటకు పైగా డ్రైవ్ చేసి ఒక ముసలాయన ఫారంకి వెళ్తుంటాను. చలికాలం చివర్లో ఒకసారి మేకల దొడ్డి వెనక నా తొడంత లావున్న చెట్టు ఒకటి కనిపించింది. నడుము ఎత్తున బెరడంతా ఊడిపోయి ఉంది. మగజింకలు కొమ్ములు రాసుకున్న చోటు అలాగే ఉంటుంది. కుర్ర జింకలైతే వేలెడు లావు మొక్కల మీద ప్రతాపం చూపిస్తాయి. ఇంత చెట్టు మీదికి వెళ్ళిందంటే వయసు మీరినదై ఉండాలి. ఇన్నేళ్ళు బతికిందంటే, మాలాంటివాళ్ళను చాలామందిని మోసం చేసే బతికి ఉంటుంది.

ముసలాయన్ని అడిగాను. "నా సోయాబీన్స్ సగం వాటి కడుపులోకే పోతోంది. నువ్వు వేటాడుకో. కావాలంటే ఇంకొకణ్ని తెచ్చుకో. మూడోవాడు కనిపిస్తే ముగ్గురినీ తరిమేస్తాను" అన్నాడు. ఆ ఇంకొకడు ఎవరా అని నేను క్షణం కూడా ఆలోచించలేదు. పార్కింగ్‌లోంచే తమ్ముడికి ఫోన్ చేశాను.

సోమవారం మా హోటల్‌కి సెలవు. మార్చి అంతా సోమవారాలు ఆ అడవిలోనే గడిపాను. తమ్ముడు కుదిరినప్పుడు వచ్చేవాడు, ఆఫీస్ మీటింగ్ ఉంటే రాలేకపోయేవాడు. మార్చిలో ఆకులుండవు, మంచు కరిగిపోతుంది, కిందటి శరదృతువులో జింకలు చేసినవన్నీ నేల మీద బయటపడతాయి. చిన్న గిట్టల దారులన్నీ గుంపుగా పొలంలోకి దిగాయి. పెద్ద గిట్టల దారి మాత్రం వేరు. అది పొలం వైపే రాకుండా, గుట్ట నడుము వెంట ఒంటరిగా పోయింది. ఆ దారి పట్టుకుని పాకినంత పని చేసి పైకి వెళ్తే, కూలిన చెట్టు పక్కన ఎండుటాకులు అణిగి మనిషి పట్టేంత గుంట. అది పడుకునే చోటు.

నేనూ అందులో పడుకున్నాను. పడుకుని తల తిప్పి చూశాను. ఫారం గేటు, మేకల దొడ్డి, మేం కారు ఆపే చోటు, అన్నీ కనిపిస్తున్నాయి. గాలి వెనక గుట్ట మీదినుంచి వస్తోంది. వెనకాల వచ్చేవాణ్ని ముక్కుతో పట్టుకుంటుంది, ముందు వచ్చేవాణ్ని కళ్ళతో. ఇన్ని వారాలు మేం దాన్ని వెతుకుతున్నామనుకున్నాం. అది పడుకుని మమ్మల్ని చూస్తోంది.

ఆ రోజునుంచి దారి మార్చాను. కారు రోడ్డు అవతల వదిలి వాగులో దిగి నడిచేవాణ్ని. నీళ్ళలో వాసన మిగలదు. బూట్లు నిండి కాళ్ళు మొద్దుబారేవి. వాగు ఒడ్డున ఒక తెల్ల ఓక్ చెట్టు దొరికింది. వాయవ్యం నుంచి గాలి వీచినప్పుడు అక్కడ కూర్చుంటే మన వాసన వాగు దాటి అవతలి ఖాళీ పొలంలోకి పోతుంది, గుట్ట దిగే జింక ముక్కుకి అందదు. వేరే ఏ గాలికైనా ఆ చెట్టు పనికిరాదు. నా తాలింపు తలకాయకి అంతకంటే మంచి చెట్టు అమెరికాలో లేదు.

వేసవిలో తమ్ముడు అక్కడ, ఎదుట ఏదైనా కదిలితే దానంతటదే ఫోటో తీసే కెమెరా కట్టాడు. ఆగస్టులో ఫోటో వచ్చింది. చేతులు చాపినట్టున్న కొమ్ములు, ఎడమ చెవి మధ్యకి చిరిగి రెండుగా వేలాడుతోంది. ఆ ఫోటో నా ఫోన్ మీద పెట్టుకున్నాను. అంతకు ముందు అక్కడ మా ఆవిడ ఫోటో ఉండేది. ఆవిడ చూసి, "పోన్లెండి, దానికైనా కొమ్ములున్నాయి" అంది.

ఆ నెలలోనే ఇద్దరం కలిసి ఓక్ చెట్టు మీద కూర్చోవడానికి స్టాండ్ కట్టాం. కిందికి దిగాక తమ్ముడు నీళ్ళు తాగుతూ అన్నాడు.

"అన్నా, ఫస్ట్ నువ్వే కూర్చోవాలి. నువ్వు కూర్చునేదాకా నేను వాగు దాటను."

నేను అడగలేదు. అతనే అన్నాడు. అడక్కుండా ఇచ్చిన మాట కాబట్టి మరీ నమ్మాను.

నవంబరు మొదట్లో ముసలి జింకలు కూడా ఆడజింకల వెంట పడి పగలు బయటికొస్తాయి. అప్పటిదాకా ఎవరం ఆ అడవిలో కాలు పెట్టకూడదనుకున్నాం. నవంబరు వచ్చింది, గాలి మాత్రం రాలేదు. రోజూ దక్షిణం నుంచే. వారం చివర్లో వాయవ్యానికి తిరిగింది, అదీ శనివారం. నాకు ఆ రోజు పెళ్ళి క్యాటరింగ్. ఉల్లిపాయలు వేగుతుండగా తమ్ముడి ఫోన్.

"అన్నా, ఇవాళ క్యాటరింగ్ ఉందిగా? ఎన్నింటికి ఫ్రీ అవుతావ్?"

"రాత్రి గిన్నెలు కడిగేదాకా ఇక్కడే తమ్ముడూ."

"పాపం. పనిలో పడి భోంచేయడం మర్చిపోకు అన్నా."

ఎంత మంచివాడు అనుకున్నాను. పక్కనున్న హెల్పర్‌తో పైకే అన్నాను కూడా.

సోమవారం గాలి బాగానే ఉంది. తెల్లారకముందే వాగులో నడిచి చెట్టెక్కాను. పొద్దు గూకేదాకా ఉడతలు తప్ప ఏమీ రాలేదు. కిందికి దిగి ఫోన్ చేశాను.

"వస్తుందన్నా. ముసలిది కదా, ఓపిక పట్టాలి. నీ స్మెల్ సంగతి ఒకసారి చూసుకో."

చూసుకున్నాను. వాసన లేని సబ్బు కొని రెండుసార్లు రుద్దుకున్నాను. వారమంతా ఇంట్లో తాలింపు వేయొద్దన్నాను. మా ఆవిడ ఉడకబెట్టిన కూరలు నా ముందు పెట్టి వెళ్ళిపోయేది. తర్వాతి సోమవారం మళ్ళీ ఎక్కాను. మళ్ళీ ఉడతలే. మళ్ళీ ఫోన్, మళ్ళీ అదే ఓదార్పు.

ఆ వారంలోనే పాస్టర్‌గారు ఫోన్ చేశారు. కృతజ్ఞతా కూటం తర్వాత ప్రేమవిందు ఉందని, ఒక బ్రదర్ జింక మాంసం ఇచ్చారని, వండిపెట్టాలని అడిగారు. ఆదివారాలు హోటల్ రద్దీ వల్ల నేను ఆరాధనకి వెళ్ళడం తక్కువ. ఈసారి సెలవు పెట్టి వెళ్ళాను.

వంటగది చర్చి కింది అంతస్తులో ఉంది. పైన జరిగేది కనబడడానికి గోడకి చిన్న టీవీ ఉంది. మాంసం ముదురు. మామూలుగా ఉడకాల్సిన సమయం దాటినా గరిటెకి లొంగలేదు. ఎవరికో పెద్దదే దొరికిందనుకుని, గోంగూర ఇంకొంచెం వేశాను. పైన ఒక్కొక్కరూ లేచి దేవుడు తమకు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్తున్నారు, అప్పుడు టీవీలోంచి తెలిసిన గొంతు వినిపించింది.

"ప్రభువు నామంలో అందరికీ వందనాలు. జాబ్‌లో చాలా స్ట్రెస్‌లో ఉన్నప్పుడు దేవుడు నన్ను ఒక ఫారంకి నడిపించాడు. అక్కడ వాగు పక్కన ఒక చెట్టు చూపించాడు. ఆ సాటర్‌డే మార్నింగ్ గాలి కూడా ఆయనే మార్చాడు."

స్క్రీన్ మీద ఫోటో వేశారు. కొమ్ములు పట్టుకుని తమ్ముడు నవ్వుతున్నాడు. ఎడమ చెవి రెండుగా చిరిగి అతని మోకాలి మీద పడి ఉంది. పైన అందరూ చప్పట్లు కొట్టారు. అడుగంటుతున్న వాసన నా ముక్కుకి తగిలేదాకా నా చేయి కదల్లేదు. వంటలో నాకు అడుగంటడం అప్పటికి ఎన్నేళ్ళయిందో.

గిన్నెలు పైకి మోయడానికి నలుగురితో పాటు తమ్ముడూ కిందికి వచ్చాడు. నన్ను చూసి మెట్టు మీదే ఆగాడు. మిగతావాళ్ళు అన్నం గిన్నెలు తీసుకుని వెళ్ళిపోయారు.

"నువ్వు వస్తావని తెలీదన్నా."

"తెలిస్తే దేవుడు వేరే చెట్టు చూపించేవాడా?"

"అది కాదన్నా. నీకు మండే మాత్రమే కుదురుతుంది. సాటర్‌డే గాలి కరెక్ట్‌గా ఉంది. పక్క ల్యాండ్‌లోకి వెళ్తే వాళ్ళు కొట్టేసేవాళ్ళు. వేస్ట్ అయిపోయేది."

"పొద్దున ఫోన్ చేసింది నేను భోంచేశానా లేదా అనేనా?"

అతను కూర గిన్నె మూత సర్దాడు.

"సరే, కొట్టావు. విల్లు నీకే బాగా వచ్చు, నేనైతే తప్పేవాణ్నేమో కూడా. మరి రెండు సోమవారాలు నన్ను ఖాళీ అడవిలో ఎందుకు కూర్చోబెట్టావ్?"

"చెబుదామనే ఉన్నానన్నా. నువ్వు అంత హోప్‌గా మాట్లాడుతుంటే నోరు రాలేదు."

"స్మెల్ చూసుకోమనడానికి మాత్రం వచ్చిందిగా నోరు."

నా దగ్గర జోకులు అయిపోయాయి. పైనుంచి ఎవరో కూర పంపమని కేక వేశారు. గిన్నె చెరోవైపు పట్టుకోక తప్పలేదు, అంత బరువుంది. అలాగే మెట్లెక్కాం. విందులో అందరూ కూర బ్రహ్మాండంగా ఉందన్నారు. తమ్ముడు ప్లేటు పట్టుకుని వచ్చినప్పుడు అందరికీ వేసినట్టే అతనికీ వేశాను. నేను మాత్రం పెరుగన్నం తిన్నాను.

ఇంటికి వెళ్ళేటప్పుడు మా ఆవిడ డ్రైవ్ చేసింది. సాక్ష్యం ఆవిడా పైన కూర్చుని విన్నది, ఫోటోలో చెవినీ గుర్తుపట్టింది.  నాకు ఊరుకోబుద్ధి కాలేదు.

"చెట్టు చూపించింది దేవుడట, విన్నావుగా. అంటే మార్చి నెలలో బూట్లనిండా వాగు నీళ్ళతో తిరిగింది ఆయనే అన్నమాట. ఇన్నాళ్ళూ దేవుణ్ని ఇంట్లో పెట్టుకుని నువ్వు ఉడకబెట్టిన కూరలు పెట్టావు" అన్నాను.

ఆవిడ రోడ్డు మీదినుంచి కళ్ళు తిప్పలేదు.

"దేవుడు గాడిద చేత కూడా దారి చూపిస్తాడండీ. సాక్ష్యం మాత్రం దాని వీపు మీద వచ్చినవాడే చెప్తాడు."