నలభై మందే పట్టే ఫోను

కత్తెరక్క నోట్లోంచి "కుదరదు" అన్న మాట రాదు. గుడ్డ పట్టుకుని ఎవరైనా గుమ్మంలో నిలబడితే చాలు, వాళ్ళింకా నోరు తెరవకముందే ఈవిడ "అలాగే" అనేస్తుంది. ఒకసారి ఎవరో దారి తప్పి అడ్రసు అడగడానికొస్తే "అలాగే, ఎల్లుండికి ఇస్తా" అందట. వీధిలో ఈ మాట ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. ఆవిడా నవ్వుతుంది, మిషను ఆపకుండానే.

అసలు పేరు ఏదో ఉంది. మెళ్ళో టేపు, చేతిలో కత్తెర లేకుండా ఆవిణ్ణి చూసినవాళ్ళు లేరు కాబట్టి అందరికీ కత్తెరక్కే. వీధివైపు గదిలో మిషను, మూలన ఇస్త్రీ బల్ల, దండెం నిండా సగం కుట్టిన చొక్కాలు. చేతుల్లేనివి కొన్ని, కాలర్లు లేనివి కొన్ని. పొద్దున్నే తలుపు తీసి చూస్తే, ఊళ్ళో జనమంతా వచ్చి తలలు మాత్రం ఇంటి దగ్గర మర్చిపోయినట్టుంటుంది.

కొలతలన్నీ మిషను పక్క గోడమీద పెన్సిలుతో రాసుకునేది. పేర్లు రాయదు, బొమ్మలేస్తుంది. మందుల షాపాయనకి సీసా, బస్సు డ్రైవరుకి చక్రం, పాలాయనకి చెంబు. ఆ గోడ చదవడం ఆవిడొక్కదానికే వచ్చు. పోయినేడు ఆవిడ చెల్లెలింటికెళ్ళినప్పుడు మొగుడు సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాడు. ఆయన ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చూసే మనిషి, మీటరాయన అంటారు. పనీపాటా లేని మొగుడు ఇంట్లో ఉంటే ఏదో ఒకటి చేస్తాడు కదా. ఈయన గోడలకి సున్నం వేశాడు.

"ఎలా ఉందే?" అన్నాడు, ఆవిడ రాగానే.

"బాగుంది."

"ఆ పిచ్చి గీతలకి ఒక పూత చాల్లేదు. రెండేశా."

ఆవిడ కాసేపు తెల్లగోడని చూసింది. తర్వాత వెళ్ళి కాళ్ళు కడుక్కుంది. అంతే. అవి పిచ్చి గీతలు కావు, కొలతలని మీటరాయనకి అప్పుడు తట్టింది. ఆ రాత్రి ఆయనకి ముద్ద దిగలేదు. మర్నాడు ఎవర్నో అడిగి ఫోన్లో కొలతలు దాచే ప్రోగ్రాం ఒకటి ఎక్కించి తెచ్చాడు. ఫ్రీ అన్నాడు.

వీధి వీధంతా వచ్చి మళ్ళీ చేతులు చాపి నిలబడింది. నలభై మందిని ఎక్కించాక ఫోను ఆగిపోయింది. "మీ ఉచిత సభ్యత్వంలో నలభై మందికే చోటు. గోల్డు సభ్యత్వానికి మారండి" అని కింద కిరీటం బొమ్మ ఒకటి చూపించింది. నలభై ఒకటోవాడు మందుల షాపాయన. ప్యాంటు గుడ్డ మడతపెట్టి చంకలో పట్టుకొచ్చాడు. కత్తెరక్కకి ఏం చెయ్యాలో తెలీక ఫోను ఆయన వైపు తిప్పింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివాడు.

"నిండిపోయిందా?"

"నిండిపోయిందట అన్నయ్యగారూ."

"అయ్యో. సరే అయితే." వెళ్ళిపోయాడు.

తిట్టలేదు, బతిమాలలేదు. బస్సులో సీటు లేదంటే ఎలా దిగిపోతారో అలా దిగిపోయాడు. కత్తెరక్క ఆయన వీధి మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడింది. ఆ తర్వాత ఇంకో ముగ్గురొచ్చారు, ఆ ముగ్గురికీ ఫోనే చెప్పింది. ఆ సాయంత్రం చీకటి పడకముందే మిషను చప్పుడు ఆగింది. ఒంట్లో బాలేదేమోనని పక్కింటావిడ చూడ్డానికొచ్చింది.

ఒంట్లో బాగానే ఉంది. మిషను సొరుగు అడుగునుంచి నీలం గుడ్డ తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ముదురు నీలం మీద తెల్ల చుక్కలు. ఎప్పుడో మోజుపడి తనకోసం కొనుక్కుంది. ఊరందరికీ కుట్టే మనిషి ఒంటిమీద ఎప్పుడూ రెడీమేడ్ గౌనే, అదీ భుజాల దగ్గర జారేది. ఈ వారం కోసేస్తా అనుకుంది.

వీధిలో మాత్రం సంగతి ముదిరింది. ఇద్దరు కలిస్తే "బాగున్నావా" పోయి "ఫోన్లో ఉన్నావా" వచ్చింది. ఉన్నవాళ్ళకి కాళ్ళు నేలమీద ఆనలేదు. బస్సు డ్రైవరైతే "నేను మొదట్లోనే ఉన్నా" అని ప్రయాణికులక్కూడా చెప్పాడు. ఒళ్ళొచ్చినవాళ్ళు కొలత మార్చమంటే ఎక్కడ తీసేస్తుందోనని తిండి తగ్గించారు. "రేపటికే కావాలి" అనే మాట వీధిలో వినపడ్డం మానేసింది.

ఇంతలో వదిన దిగింది. మీటరాయనకి సొంత అక్క. కూతురి కాన్పుకెళ్ళి ఇన్నాళ్ళూ ఊళ్ళో లేదు. ఆవిడ బట్టలు, ఆవిడ మొగుడివి, ఆ ఎదురింటివాళ్ళవి, ఎదురింటివాళ్ళ కిటికీ పరదాలు, అన్నీ కత్తెరక్క చేతిమీదే నడవాలి. అయినవాళ్ళ మధ్య కూలేమిటని ఆవిడ లెక్క. వస్తూ రెండు సంచులు తెచ్చింది.

"ఏమే, నీ ఫోన్లో నేను లేనట?" చెప్పులింకా విప్పలేదు.

"నిండిపోయింది వదినా."

"ఎవరితో నిండింది? పాలాయన ఉన్నాడా?"

"ఉన్నాడు."

"పాలాయన ఉన్నాడు, ఆడపడుచు లేదు. విన్నావురా తమ్ముడూ?"

తమ్ముడు విన్నాడు. విననట్టు మొహం పెట్టడం ఆయన ఉద్యోగంలోనే నేర్చుకున్నాడు. బిల్లు ఎక్కువొచ్చిందని రోజూ ఎంతమంది తిడతారు.

"ఒకణ్ణి పీకెయ్, సరిపోతుంది."

"ఎవర్ని తియ్యను వదినా? అందరూ కుట్టించుకునేవాళ్ళేగా."

వదిన ఫోను లాక్కుంది. "ఈ కిరీటం ఏంటి?"

"డబ్బు కడితే ఎంతమందైనా పడతారట అక్కా" అన్నాడు మీటరాయన. కత్తెరక్క ఆయన కాలు తొక్కింది, కానీ అప్పటికే మాట గడప దాటేసింది.

"చదువు మరి!" అంది వదిన.

ఆయన గొంతు సవరించుకున్నాడు. "'ఇకపై మీకు హద్దు లేదు.'"

కత్తెరక్క మిషను మీద చెయ్యి ఆనించుకుంది.

"'మీ ఖాతాదారులు ఏ వేళలోనైనా వాళ్ళంతట వాళ్ళే మీకు పని పంపవచ్చు.'"

"ఏ వేళలోనైనానా?" అంది కత్తెరక్క.

"అలానే ఉంది. 'పని ఆలస్యమైతే మీ ఫోను గంట కొట్టి గుర్తుచేస్తుంది. పని పూర్తయ్యేదాకా కొడుతూనే ఉంటుంది.'"

"మంచిదే" అంది వదిన. "నాకు గొంతు నొప్పి తగ్గుతుంది."

"నెలనెలా కట్టాలి" అన్నాడు మీటరాయన. "మన కరెంటు బిల్లుకంటే తక్కువే. దండగనిపించట్లేదు. ఏమంటావే?"

"ఆలోచిద్దాం లెండి" అంది కత్తెరక్క.

"అలాగే"కి అంత దూరం ఆవిడ ఎన్నడూ పోలేదు. ఆ రాత్రి వంటగదిలో గిన్నెలు సర్దుతూ నిజంగానే ఆలోచించింది. ఎవరైనా డబ్బు కట్టి ఒకటి కొంటే ఏం వస్తుందా అని చూస్తారు. ఆవిడకి ఏం పోతుందో కనపడుతోంది. ఫోను నిండి ఉన్నంతకాలమే ఆవిడకి సాయంత్రం అనేది ఉంది. హద్దు పోయిందా, ఆ నీలం గుడ్డ మళ్ళీ సొరుగు అడుక్కే. పోనీ వద్దని చెబుదామా అంటే, ఎందుకొద్దు అంటారు. నాకు అందరికీ కుట్టాలని లేదు అనాలి. ఆ మాట అనగలిగితే ఇక ఫోనెందుకు?

"ఏం తేల్చావే?" అన్నాడు మొగుడు, మర్నాడు.

"మీ ఇష్టం."

"నా ఇష్టమైతే మా అక్క ఇష్టమే కదే" అన్నాడాయన, ఉన్నమాట.

ఆ వారం చివర్న ఆవిడ నీలం గుడ్డ మిషను మీద పరిచి, సుద్దముక్క చేతిలోకి తీసుకుంది. గీత గియ్యబోతుంటే వీధిలో వదిన గొంతు వినపడింది.

"రండి రండి, అందరికీ చోటుంది!"

వెనకాల మందుల షాపాయన, చంకలో అదే ప్యాంటు గుడ్డ. ఇంతవరకూ దారపుండకైనా డబ్బివ్వని వదిన, ఏడాది మొత్తానికి గోల్డు సభ్యత్వం కట్టేసిందట. మొన్న ఫోను లాక్కున్నప్పుడే దాని నంబరు రాసుకుపోయింది. ఫోను సన్నాయిలా ఏదో పాట పాడింది, కిరీటం గిర్రున తిరిగింది. వదిన ముఖం వెలిగిపోతోంది.

"నీకే కట్టానే, బహుమానం" అని రెండు సంచులూ ఎత్తి మిషను మీద పెట్టింది. సరిగ్గా నీలం గుడ్డ మీద.

"అలాగే" నాలుక చివరిదాకా వచ్చింది. కత్తెరక్క సంచుల కిందనుంచి బయటికొచ్చిన తెల్ల చుక్కల్ని చూసింది. ఫోను వైపు చూసింది. అదేం మాట్లాడలేదు. డబ్బు అందాక అదెందుకు మాట్లాడుతుంది.

"కుదరదు వదినా" అంది.

వదిన చెయ్యి సంచుల మీదే ఆగింది.

"అదేంటే, ఫోన్లో చోటుందిగా!"

"ఫోన్లో ఉంది వదినా. నాకు లేదు."

వదిన ఇస్త్రీ బల్ల మీద కూలబడింది. మీటరాయన గోడవైపు తిరిగి తను వేసిన సున్నం ఎక్కడైనా పెచ్చులూడిందేమో చూసుకున్నాడు. మందుల షాపాయన ఇద్దరి మొహాలూ చూసి, గుడ్డ చంకలో సర్దుకున్నాడు.

"అయ్యో. సరే అయితే."

అదే మాట, అదే గొంతు. వెళ్ళిపోయాడు. కత్తెరక్క ఆయన వెళ్ళిన వైపే చూస్తూ "ఇంతేనా?" అంది, ఎవరితోనో.

మీటరాయన మెల్లగా అన్నాడు: "మరి ఏడాదికి కట్టింది దండగేనా?"

"దండగెందుకు? ఒకర్ని ఎక్కించండి."

"ఎవర్ని?"

"నన్ను."

ఆయన ఆవిడ మెళ్ళోంచి టేపు తీసి నడుం చుట్టూ వేసి, మీటరు ముందు వంగినట్టు వంగి చూశాడు. "తొంభై ఆరు."

"తొంభై ఆరేంటండీ, నేనేమన్నా నీళ్ళ ట్యాంకా!"

అంగుళాల వైపు వదిలేసి, టేపు రెండోవైపు సెంటీమీటర్లు చదివాడు. వదిన అంతసేపూ బిగించుకుని కూర్చుంది గానీ ఇది చూశాక ఉండలేకపోయింది. "ఇటివ్వరా నీ మొహం! నడుం అక్కడుంటుందా ఎవరికైనా?" టేపు లాక్కుని తనే కొలిచింది. "ఊపిరి బిగపట్టకే, గౌనులో ఊపిరాడకుండా పోతుంది. చెయ్యెత్తు. భుజం రాసుకోరా... ఈ పిల్ల ఇంత సన్నబడిందేంటి, తిండి పెట్టట్లేదా నువ్వు?"

అంకెలన్నీ ఫోన్లోకి ఎక్కాయి. బొమ్మ దగ్గర ఏం పెట్టాలని మీటరాయన అడిగితే కత్తెర పెట్టమంది.

"మరి నావి?" అంది వదిన, టేపు చుడుతూ.

"ముందు ఇది అవనీ వదినా. ఆ తర్వాత ఒక్క సంచి."

ఏ సంచో చెప్పలేదు కదా అని వదిన బరువైనది వదిలేసి, తేలికది పట్టుకుని ఇంటికెళ్ళింది.